మర తిప్పేవాళ్ల ఇంటిపేరు

మనిషి కనబడగానే ఇంటిపేరు అడగడం మావాళ్లకు పుట్టుకతో వచ్చిన జబ్బు. సొంత పేరు తరవాతి మాట. ముందు ఏ ఊరు, ఎవరి తాలూకు, ఇంటిపేరేమిటి. ఇంటిపేరు కలిసిందా, ఆ మనిషి ఇక అన్నో తమ్ముడో అయిపోతాడు, వయసు ముదిరినవాడైతే పెదనాన్న అవుతాడు. ఆ జబ్బు నాకూ ఉంది. దానివల్ల ఒక ముసలాయనకు నేను చేసిన అపకారం గురించి రాయాలని ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నాను. ఏదో ఒక సాకు చెప్పి మానేస్తూ వచ్చాను. ఇక సాకులు చెప్పే వయసు దాటిపోయింది.

మా నాన్న కళింగపట్నంలో ఓడెక్కి రంగూన్‌లో, మావాళ్ల మాటలో రంగంలో, దిగిన రోజున ఆయనకు ఆ ఊళ్లో తెలిసిన ప్రాణి లేదు. రమ్మన్న మేస్త్రీ రేవుకు రాలేదు. జెట్టీ మీద మూట పక్కన పెట్టుకుని కూర్చుంటే బస్తాలు మోసే ఒకాయన వచ్చి ఊరడిగాడు, ఇంటిపేరడిగాడు. ఇంటిపేరు కలిసింది. ఊళ్లు వేరు, మధ్యన వంశధార ఉంది. ముందు తరాల్లో వీళ్లిద్దరి తాతలూ ఎక్కడైనా కలిశారో లేదో ఇద్దరికీ తెలియదు. అయినా ఆయన మా నాన్న మూట తన భుజాన వేసుకుని ఇంటికి తీసుకుపోయాడు. మూడు నెలలు అన్నం పెట్టాడు. అహ్లోన్‌లో ఏటి ఒడ్డున ఉన్న బియ్యం మిల్లులో పని చూపించాడు. తరవాతెప్పుడో దేశంలో ఆయన తల్లి పోయిందని ఉత్తరం వస్తే, ఆవిడ ముఖం ఎరగని మా నాన్న కూడా తలస్నానం చేసి పదిరోజులు మైల పట్టాడు. ఇంటిపేరంటే ఏమిటో నేను నేర్చుకున్నది అక్కడే.

బర్మావాళ్లు మా అందరినీ కోరంగీలనేవాళ్లు. ఎప్పుడో కోరంగి రేవునుంచి వచ్చిన ఓడల వల్ల పడ్డ పేరు. మాలో చాలామంది ఆ ఊరి పొలిమేరైనా తొక్కలేదు. ఒక్క పేరు తగిలించి అందరినీ ఒకే గాటన కట్టేస్తారేమిటని నాకు ఒళ్లు మండేది. గేటు దగ్గర ఆ మాట మీద చాలాసార్లు తగువు కూడా పడ్డాను. అంత తెలివి నాకు నా విషయంలో ఉండేది, ఇంకొకరి విషయానికి వచ్చేసరికి ఉండేది కాదు.

మిషన్ బడిలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకున్నానని నన్ను మా నాన్న పనిచేసిన మిల్లులోనే గేటు గుమాస్తాగా పెట్టారు. అప్పటికి ఆయన పోయి రెండేళ్లయింది. ఇంట్లో అమ్మా నేనూ. వచ్చేవాళ్లెవరు, పోయేవాళ్లెవరు, లోపల ఎవరున్నారు, ఎవరు ఏ పని మీద బయటికి వెళ్లారు, ఇవన్నీ చూడటం నా పని. పంతొమ్మిది వందల ఇరవైల చివరి సంవత్సరాలు అవి. గేటు గదిలో బల్ల మీద ఎంత తుడిచినా ఊక దుమ్ము పేరుకునేది. నేను ఆ బల్ల వెనక కూర్చుని చిన్న జమీందారులా ఫీలయ్యేవాణ్ణి.

మిల్లులో ఒక ముసలి దొర ఉండేవాడు. జర్మన్‌వాడు. వడ్ల పొట్టు తీసే పెద్ద రాళ్లు నునుపు తేలిపోతే వాటికి మళ్లీ ఉలితో గంట్లు కొట్టాలి. ఆ పనిలో ఆయన చెయ్యి తిరిగినవాడు. కూలీలు రాళ్ల దొర అనేవాళ్లు. మొదటి యుద్ధానికి ముందు ఆ మిల్లు ఆయన దేశంవాళ్లదే. అప్పట్లో వయసులో వచ్చాడట. యుద్ధం రాగానే పట్టుకుని ఇండియాలో ఒక కాంపులో పెట్టారు, అయిపోయాక ఓడెక్కించి దేశానికి పంపేశారు. మళ్లీ వాళ్లను రానిస్తున్నారని తెలిశాక తిరిగొచ్చాడు. మిల్లు చేతులు మారింది. రాళ్ల పని ఇచ్చారు గానీ పాత మర్యాద ఇవ్వలేదు. బాయిలర్ గదుల వెనక ఒక చిన్న గదిలో ఉండేవాడు. తెలుగు కూలీల దగ్గరే నేర్చుకున్నాడు కాబట్టి ఆయన మాట్లాడేది అచ్చం మా శ్రీకాకుళం తెలుగు. నా మిషన్ బడి తెలుగు విని నవ్వేవాడు.

మొదటి వారంలోనే ఇంటిపేరు అడిగాను, చెప్పాడు. ఆ పేరు ఇక్కడ రాయను. దాని అర్థం మర తిప్పేవాడు, పిండి మిల్లువాడు అని చెప్పాడు. మర తిప్పేవాడు మరలోనే పనికి కుదిరాడా అని నేను మెచ్చుకోబోతే, తన తాత చెప్పులు కుట్టేవాడని, తండ్రి పోస్టు బంట్రోతని, తమ ఇంట్లో మరలో కాలు పెట్టిన మొదటివాడు తానేనని అన్నాడు. వెనకటికి వాళ్ల దేశంలో ఇంటిపేర్లే లేవట. ఊళ్లో పదిమందికి ఒకే పేరు ఉండేసరికి, పుట్టుకలూ చావులూ రాసుకునే పాదిరీలకు తికమకై, వీడు కమ్మరి, వాడు నేతగాడు, అతను మర తిప్పేవాడు అని పక్కన పని రాసుకున్నారట. ఆ పని పోయినా రాత మిగిలిపోయింది. అందుకే ఆ పేరు ఉన్నన్ని ఇళ్లు ఇంకే పేరుకీ లేవన్నాడు. చిన్నప్పుడు బడిలో పంతులు ఆ పేరు పిలిస్తే తనతో కలిపి ఐదుగురు లేచేవాళ్లట, ఐదుగురూ ఐదు వీధులవాళ్లట.

“గెడ్డకో మర, మరకో మనిసి,” అన్నాడు; వాళ్ల మరలు వాగుల నీళ్లతో తిరిగేవట. “అందరం అన్నదమ్ములమైతే మా దేసంలో పెళ్లిల్లే అవ్వవు బావు.”

నేను నవ్వాను గానీ నమ్మలేదు. ఎందుకంటే పట్నంలో, స్ట్రాండు రోడ్డు వెనక వీధిలో, బియ్యం ఎగుమతి చేసే ఒక కంపెనీకి వాళ్ల దేశపు కుర్రాడొకడు ఏజెంటుగా వచ్చాడు. అతనిదీ అదే ఇంటిపేరు. నెలకోసారి మా మిల్లుకు వచ్చి మేనేజరు గదిలో బియ్యం నమూనాలు అరచేతిలో పోసుకుని చూసి, కాఫీ తాగి వెళ్లిపోయేవాడు. బాయిలర్ల వెనక్కి ఎప్పుడూ రాలేదు. రాళ్ల దొరను అడిగితే ఆ కుర్రాడెవరో తనకు తెలియదన్నాడు. సముద్రం దాటి వచ్చి, ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరు పెట్టుకుని, ఎవరో తెలియదంటే నేను ఒప్పుకుంటానా. ఇది దాయాదుల తగాదా అని తేల్చేశాను. ఆస్తి పంపకాల దగ్గర ఏదో చెడి ఉంటుంది, ఉన్నవాడు లేనివాణ్ణి ఎరగనట్టు ఉంటున్నాడు, లేనివాడు పౌరుషానికి పోతున్నాడు. మా వాళ్లలో అలాంటివి ఎన్ని చూడలేదు. ఎప్పటికైనా వీళ్లిద్దర్నీ కలపాలని కూడా అనుకున్నాను. ఒకరు అడిగారా, పెట్టారా.

ముసలాయనకు ఒక కూతురు ఉండేది. ఈయన మొదట రంగం వచ్చినప్పుడు దానికి ఆరేళ్లు. తల్లి ఉత్తరం రాస్తే కింద అది వంకర అక్షరాలతో నాలుగు మాటలు రాసేదట, కవరు మీద అడ్రసు మాత్రం తనే రాస్తానని పేచీ పెట్టేదట. కాంపులో ఉండగానే ఉత్తరాలు ఆగిపోయాయి. దేశం వెళ్లి చూస్తే భార్య పోయి నాలుగేళ్లు. పిల్లను తల్లి తరఫు ఎవరో తీసుకుపోయారు, వాళ్లూ ఇల్లు మారిపోయారు. ఊరూరా తిరిగాడు. ఆ ఇంటిపేరు పిల్ల ఉందా అని అడిగితే ప్రతి ఊళ్లోనూ ఉందనేవారట. తలుపు కొడితే ఎవరో వేరే పిల్ల వచ్చేదట. ఊక కుప్పలో నూక గింజ కోసం వెతికినట్టయింది. చివరికి ఈ మిల్లుకే తిరిగి వచ్చేశాడు.

“దానికి తెల్సిన నా అడ్రసు ఇదొక్కటే,” అని ఒకసారి నాతో అన్నాడు. “అదొస్తే ఇక్కడికే వొస్తాది. అందుకే ఇక్కడున్నాను.”

ఈ మాట నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఆ రోజు వేసవి మధ్యాహ్నం. ఏటవతల సిరియంలో ఒక మరలో రాళ్లు చెడితే ముసలాయనను పిలిచారు. పొద్దున్నే ఉలీ సుత్తీ సంచిలో వేసుకుని, రేపు వస్తానని చెప్పి సంపాను పడవలో వెళ్లాడు. ఒంటిగంట కూత కూసింది. కూలీలు ఒక గేటున వస్తున్నారు, ఒక గేటున పోతున్నారు. వడ్లబండ్లు రోడ్డు మీద బారు తీరి ఉన్నాయి. ఆ సందట్లో ఒక అద్దె గుర్రపు బండి వచ్చి ఆగింది. దొరసాని దిగింది. ముప్పై లోపు వయసు. గొడుగు పుల్ల ఒకటి విరిగి వేలాడుతోంది. చెమటకు జుట్టు నుదుటికి అంటుకుంది. నా బల్ల దగ్గరికి వచ్చి ఆ ఇంటిపేరు చెప్పింది. ఆయన ఇక్కడ పనిచేస్తారా, ఆయన మా నాన్న, అంది. ఆమె ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకలాంటివే.

ముసలాయన కూతురు వచ్చేసింది! ఎంత సంతోషమో చెప్పలేను. ఆ సంతోషంలో నా బుర్ర మహా చురుగ్గా పనిచేసింది, ఖర్మ. ముసలాయన ఊళ్లో లేడు. ఈవిడకు ఆయన గది చూపిస్తే? మసి పట్టిన గోడలు, తాడు మీద చిరిగిన బనీన్లు, ఒక మడత మంచం. కన్నతండ్రి బతుకు మొదట అలా కనబడాలా. మా ఇళ్లలో యజమాని ఊళ్లో లేనప్పుడు చుట్టం వస్తే ఏం చేస్తాం? దాయాదుల ఇంటికి పంపుతాం. వాళ్లు కాళ్లకు నీళ్లిచ్చి, అన్నం పెట్టి, కబురు పంపుతారు. ఎంత పగ ఉన్నా ఇంటి ఆడపడుచు గడపలోకి వస్తే కాదనరు. ఈ పిల్ల వంకన దాయాదులు కూడా కలుస్తారు. రేపు ముసలాయన రాగానే నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్తాను. ఇదంతా అర నిమిషంలో ఆలోచించాను. కాగితం ముక్క మీద కుర్ర ఏజెంటు వీధీ ఇంటి నంబరూ రాసి ఇచ్చాను. ఆయన ఇప్పుడు ఇక్కడ లేరు, ఇల్లు ఇదీ, ఇక్కడికి వెళ్లండి అన్నాను.

సిరియం మాట చెప్పలేదు. రేపు వస్తాడని చెప్పలేదు. అవన్నీ ఇంటివాళ్లు చెబుతారు కదా అనుకున్నాను. పైగా బండ్లవాళ్లు అరుస్తున్నారు. ఎప్పుడొచ్చావమ్మా, ఎన్నాళ్లుంటావమ్మా అని మేము కుక్కపిల్లనైనా అడుగుతాం, ఆమెను మాత్రం అడగలేదు. ఆమె కాగితం చూసుకుని, మూడుసార్లు థాంక్స్ చెప్పి, బండెక్కింది.

సాయంత్రం ఇంటికొచ్చి ఘనకార్యం చేసినట్టు అమ్మకు చెప్పాను. ఆవిడ చేపలు తోముతోంది. తల ఎత్తి నా వంక చూసింది.

“ఎండన పడొచ్చిన ఆడకూతుర్ని గేటుకాణ్ణించే తోలీసినావా? మనింట్లో కూకోబెట్టి గుక్కెడు నీల్లియ్యనేకపోనావా? పిల్ల పేరేటి?”

ఇంటిపేరు తెలుసు కదా అన్నాను. పేరేటని అడిగితే ఇంటిపేరంటావేటని ఆవిడ విసుక్కుంది. నాకూ కోపం వచ్చింది. దొరసానిని మన చాప మీద కూర్చోబెడతావా అని ఎకసెక్కం చేసి కంచం ముందు కూర్చున్నాను. అక్షరం ముక్క రాని మా అమ్మకు తట్టిన సంగతి నాకు తట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం ముసలాయన పడవ దిగి వస్తుంటే గేటు దాటి ఎదురెళ్లాను. మీ అమ్మాయి వచ్చింది దొరా అన్నాను. ఆయన నిలబడిపోయాడు. మీవాళ్లింటికి పంపాను, దిగులు పడకండి, పదండి వెళ్దాం అన్నాను. మావోల్లెవులు అన్నాడు. చెప్పాను. ఆయన ముఖం చూశాక గానీ నేను చేసింది ఏమిటో నాకు అర్థం కావడం మొదలవలేదు. సంచి నా చేతిలో పడేసి రోడ్డు మీదికి పరుగెత్తాడు. అరవై దాటిన మనిషి. నేను వెనకాల పరుగెత్తి బండి ఆపాను. దారి పొడుగునా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు.

కుర్ర ఏజెంటు మమ్మల్ని నిలబెట్టే మాట్లాడాడు, తరవాత సంగతి తెలిశాక కుర్చీ వేశాడు. వాళ్లిద్దరూ వాళ్ల భాషలో మాట్లాడుకున్నారు. ముసలాయన తిరుగు దారిలో నాకు ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆమె నిన్న వచ్చిందట. తూర్పుకు వెళ్లే ఓడలో పోతోందట, ఓడ ఇక్కడ ఒక్క రాత్రే ఆగిందట. ఆ ఇంటిపేరుగల మనిషి రంగంలో బియ్యం పనిలో ఉన్నాడని ఓడలో ఎవరో చెబితే ఆశపడి దిగి, చిన్నప్పుడు కవర్ల మీద రాసిన మిల్లు అడ్రసుకే వెళ్లిందట. తీరా చూస్తే తనకంటే చిన్నవాడు. ఈ ఊళ్లో ఆ పేరు ఇంకెవరికైనా ఉందా అని అడిగితే, తనకు తెలిసి తాను ఒక్కడినేనని కుర్రాడు చెప్పాడట. పాపం అతనిదీ అబద్ధం కాదు. ఆమె నవ్వి, మన పేరు సంగతి తెలిసిందే కదా, ఎక్కడ చూసినా మనవాళ్లే అని, ఇబ్బంది పెట్టినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పి లేచిందట. వెళ్తూ వెళ్తూ, ఇదే ఆఖరు, ఇక వెతకను అందట. ఓడ ఆ పొద్దున్నే ఆటుపోటు చూసుకుని వెళ్లిపోయింది.

ఓడ కంపెనీ ఆఫీసుకు వెళ్లాం. అక్కడి గుమాస్తా మంచివాడు, ప్రయాణికుల పట్టీ తీశాడు. ఏ పేరు అని అడిగాడు. ముసలాయన నోరు తెరిచి ఆగిపోయాడు. ఆమె చేతికి ఉంగరం ఉందని ఏజెంటు చెప్పాడు. పెళ్లయిన పిల్లకు ఇంటిపేరు మారిపోతుంది. కొత్త ఇంటిపేరేమిటో ఆయనకు తెలియదు. పట్టీలో ఆడవాళ్లెవరికీ సొంత పేర్లు లేవు, ఫలానా దొర భార్య అని రాసుంది అంతే. మధ్యలో దిగేవాళ్లు, చివరిదాకా పోయేవాళ్లు, అందరూ కలిసి ఉన్నారు. ఆయన నా వైపు తిరిగాడు.

“నీకు సెప్పిందా? ఆల్లాయన పేరేటో, ఏ ఊరెల్తందో?”

అడగలేదు దొరా అన్నాను. ఇంటిపేరు చెప్పింది, సరిపోతుందనుకున్నానన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ పిల్లకు ఎడమ కనుబొమ్మ మీద చిన్న మచ్చ ఉందా అని మాత్రం అడిగాడు. నేను చూడలేదు. గొడుగు పుల్ల విరిగిందని చెప్పాను, ఆమె గురించి నాకు గుర్తున్నది అదొక్కటే. ఆయన దాన్నే మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకున్నాడు, ఏ రంగు గొడుగు, ఎన్ని పుల్లలు అని. ఆ తరవాత ఓడ ఆగే రేవులన్నిటికీ ఉత్తరాలు రాశాడు. కూతురి చిన్నప్పటి పేరు, తన ఇంటిపేరు, ఫలానా ఓడలో వచ్చిన అమ్మాయి అని. కవర్ల మీద ఇంగ్లీషు నా చేత రాయించాడు. ఒకటి రెండు తిరిగొచ్చాయి, తక్కినవి అదీ లేదు.

నేను క్షమించమని అడగడానికి రెండుసార్లు ఆయన గదికి వెళ్లాను. రెండుసార్లూ రాళ్ల గురించి మాట్లాడి వచ్చేశాను. అమ్మ మాత్రం ప్రతి ఆదివారం ఆయనకు చేపల పులుసు పంపేది. ఆయన గిన్నె కడిగి బోర్లించి నా బల్ల మీద పెట్టి వెళ్లేవాడు.

అప్పట్నుంచి ఆయనకు ఒక అలవాటు పడింది. మిల్లు దాటి ఎక్కడికి వెళ్లినా గేటు దగ్గర ఆగి నాకు చెప్పేవాడు. బజారుకెల్తన్నాను, గంటలో వొస్తాను. సిరియం ఎల్తన్నాను, రేపు మద్దేనానికొస్తాను. ఏటి ఒడ్డున కూకుంటాను, కేకేస్తే వినిపిస్తాది. పక్కనున్న చుట్టల కొట్టుకు వెళ్లినా చెప్పేవాడు. ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు, మామూలు గొంతు. నేను అలాగే దొరా అనేవాణ్ణి. రోజుకు మూడుసార్లు, నాలుగుసార్లు. దాదాపు మూడేళ్లు. ఉలి చప్పుడు ఆగి ఆయన అడుగులు గేటు వైపు వస్తుంటే నాకు బల్ల కిందికి దూరిపోవాలనిపించేది.

ఒక వానాకాలం జ్వరం వచ్చి తగ్గలేదు. పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాలని నలుగురు కూలీలు మంచం పట్టుకుని మోసుకొచ్చారు. బయట బండి సిద్ధంగా ఉంది. గేటు దగ్గరికి రాగానే ఆయన చెయ్యెత్తి మంచం ఆపించాడు. నేను వంగాను.

“ఆస్పత్రికెల్తన్నాను బావు. ఎప్పుడొస్తానో తెల్దు. ఎవులైనా వొస్తే కూకోబెట్టు.”

అలాగే దొరా అన్నాను. ఆయన తిరిగి రాలేదు. గేటు గదిలో నా బల్ల పక్కన ఒక కుర్చీ వేయించాను, కూజాలో నీళ్లు పోసి పెట్టేవాణ్ణి. ఆ ఊరు వదిలి వచ్చేదాకా ఇంకా చాలా ఏళ్లు అదే గేటు దగ్గర కూర్చున్నాను. ఎవరూ రాలేదు.